గుప్పెడు ఏటి ఇసుకతో మొదలుపెట్టండి: శైథిల్యం, క్రమక్షయం, నిక్షేపణం పిల్లలకు చెప్పే పద్ధతి

పర్లాకిమిడి పిల్లలకు ఇసుక గురించి చెప్పబోవడం చేపపిల్లకు ఈత నేర్పబోవడం లాంటిది. మహేంద్రతనయ నది ఒడ్డున ఇసుక గూళ్ళు కట్టి ఆడుకున్నవాళ్ళే అందరూ. వరదొస్తే ఏ గట్టు కోస్తుందో, ఎవరి పొలంలో ఇసుక మేట వేస్తుందో ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే వింటూ పెరిగినవాళ్ళే. అదే పిల్లలు పరీక్షలో "శైథిల్యానికీ క్రమక్షయానికీ తేడా ఏమిటి?" అన్న ప్రశ్న దగ్గర కలం ఆపేస్తారు. కొందరు రెండింటికీ ఒకే జవాబు రాసి, మాటలు మాత్రం మారుస్తారు.

ఎందుకిలా అన్నది నాకు చాలాకాలం అంతుపట్టలేదు. తర్వాత తట్టింది. క్రమక్షయానికి మన ఇంట్లో మాట ఉంది: కోత. నిక్షేపణానికీ ఉంది: మేట. శైథిల్యానికి మాత్రం అలాంటి ఇంటి మాట పిల్లల నోట వినలేదు. ఏరు గట్టును కోస్తుంటే కంటికి కనిపిస్తుంది, మేట కాలికి తగులుతుంది. రాయి ఉన్నచోటే ఉండి, చప్పుడు లేకుండా, ఏళ్ళ తరబడి మెత్తబడిపోవడం ఎవరి కంటా పడదు. అందుకే మూడింటిలోనూ ఎక్కువ సమయం దానికే ఇవ్వాలంటాను. పుస్తకంలో మూడింటికీ సమానంగా పేజీలు ఉన్నా, పీరియడ్లు అలా పంచనక్కర్లేదు.

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మొత్తం పది పీరియడ్లు, ఒక పూట ఏటి ఒడ్డు నడక. సరిహద్దుకు అటు శ్రీకాకుళం వైపు చెప్పేవాళ్ళకూ పనికొస్తుంది. వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో కలహండి కొండల్లో పుట్టి అటే పోతాయి కదా.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

కార్తీకమాసం దీనికి మంచి కాలం. వానలు వెనకబట్టి ఏరు తగ్గుతుంది, కొత్త మేటలు ఇంకా చెదరకుండా ఉంటాయి, గట్టు కోసుకుపోయిన చోట మట్టి పొరలు తాజాగా కనిపిస్తాయి. వేసవిలో చేస్తే సగం ఆనవాళ్ళు ట్రాక్టర్ల కింద పోయి ఉంటాయి.

కొనాల్సినవి దాదాపు ఏమీ లేవు. ఖాళీ వాటర్ బాటిళ్ళు ఎనిమిది, పచ్చడి పెట్టుకునే గాజు సీసాలు నాలుగు, పాడైన స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం, భూతద్దం (లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు), స్కేలు, వంటింటి తూకం, ఒక పెద్ద ప్లాస్టిక్ ట్రే. పటికబెల్లం, బెల్లం, ఉప్పు, పటిక, వెనిగర్, కోడిగుడ్డు పెంకులు, ఇటుక ముక్కలు.

ఒక పని మాత్రం మూడు వారాల ముందే చేయాలి. ఒక బాటిల్‌ను పొడవుగా కోసి, మట్టి నింపి, చోళ్ళు (రాగులు) చల్లి పెట్టండి. దీని అవసరం తర్వాత చెబుతాను. ఇది మరిచిపోయి, పాఠం ముందురోజు రాత్రి మైదానంలో గరిక పెళ్ళగించి అతికించిన ఏడాది ఒకటుంది. నీళ్ళు పోయగానే గరికతో సహా మట్టంతా జారిపోయింది. గడ్డి మట్టిని పట్టి ఉంచుతుందని చెప్పబోయిన నన్ను చూసి తరగతంతా నవ్వింది.

మొదటి అడుగు: పొట్లంలో ఇసుక

నిర్వచనాలు బోర్డు మీద రాయకండి. ప్రతి పిల్లాడినీ, పిల్లనూ గుప్పెడు ఏటి ఇసుక పొట్లం కట్టి తెమ్మనండి. తెల్ల కాగితం మీద పరిచి, ఎన్ని రంగుల రేణువులున్నాయో లెక్కపెట్టమనండి.

గాజుపెంకులా మెరిసేవి క్వార్ట్జ్. పాలిపోయినట్టు తెల్లగా, లేత గులాబీగా ఉండేవి ఫెల్డ్‌స్పార్. రేకుల్లా తళుక్కుమనేది అభ్రకం. కాకిబంగారం అంటే పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టి ఇసుక మీద తిప్పితే నల్లటి రేణువులు మీసాల్లా అంటుకుంటాయి. కవరు లేకుండా పెడితే ఆ రేణువులు వదిలించడానికి మీకు సాయంత్రం అవుతుంది.

ఇక అసలు రేణువు. నేరేడుపండు రసం రంగులో, ఎర్రగా, ఎండలో పెడితే లోపలి నుంచి వెలిగేది. అది గార్నెట్. నవరత్నాల్లోని గోమేధికం ఈ కుటుంబానిదే. ఈ మాట అన్నారంటే "అమ్మితే ఎంతొస్తుంది మాస్టారూ?" అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. ఇసుక రేణువంత గార్నెట్ నగలకు పనికిరాదనీ, గరుకు కాగితం తయారీకి వాడతారనీ చెప్పండి. కొంచెం నీరసపడతారు. కానీ ఆ రేణువును మాత్రం మరిచిపోరు.

ఇప్పుడు ఒకే ప్రశ్న బోర్డు మీద రాసి వదిలేయండి: ఈ ఎర్ర రేణువు ఏటిలోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుంది? ఎవరు ఏం చెప్పినా అవుననీ కాదనీ అనకండి. వాళ్ళ ఊహలను ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించండి. పది పీరియడ్లూ ఈ రేణువు వెంటే నడుస్తాం.

అదే గోడ మీద మూడు నిలువు గళ్ళు గీయండి: తెలుగు, ఒడియా, పుస్తకం మాట. ఇసుక ఒడియాలో బాలి, మట్టి మాటి, కొండ పాహాడ. కోత, మేట గళ్ళు పిల్లలే నింపుతారు. శైథిల్యం ఎదురుగా ఉన్న తెలుగు గడి ఖాళీగా వదిలేయండి. మా తరగతిలో ఒక అమ్మాయి చివరికి అక్కడ "రాయి పుచ్చడం" అని రాసింది. పుచ్చిన పన్ను గుర్తొచ్చిందట. అంతకంటే మంచి మాట నాకూ తోచలేదు.

రెండో అడుగు: రాయి పుచ్చడం

తూర్పు కనుమల ఈ భాగంలో ఎక్కువగా కనిపించే రాళ్ళలో ఒకటి ఖొండలైట్. 1902లో భూవిజ్ఞాని టి.ఎల్. వాకర్ ఈ కొండల్లో ఉండే కోంధుల పేరు మీద దానికా పేరు పెట్టాడు. రాయగడ వైపు తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు కోంధు పిల్లల ముఖాలు చూడాలి. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిలిమనైట్ అనే ఖనిజాలు ఈ రాయిలో ఉంటాయి. పొట్లంలోని ఇసుకలో వాటిలో మూడింటిని పిల్లలు అప్పటికే చూశారు. ఈ సంగతి మీరు చెప్పకండి, వాళ్ళే పట్టుకుంటారు.

రోడ్డు కోసం కొండను తొలిచిన చోట రెండు రాళ్ళు ఏరుకు రండి. ఒకటి సుత్తితో కొడితే ఖంగుమనేది, ఇంకోటి చేత్తో నలిపితే రాలిపోయేది. రెండోదాని మీద తుప్పు రంగు మరకలుంటాయి. ఆ తుప్పు నిజంగా తుప్పే. గార్నెట్‌లోని ఇనుము గాలితోనూ నీటితోనూ కలిసి మేకు తుప్పు పట్టినట్టే పడుతుంది. ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమన్నుగా మారుతుంది. క్వార్ట్జ్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు. పట్టి ఉంచిన పక్క ఖనిజాలు మెత్తబడటంతో రేణువుగా ఊడి వస్తుంది. ఇంకా పూర్తిగా తుప్పు పట్టని గార్నెట్ కూడా అలాగే ఊడుతుంది. మన ఎర్ర రేణువు పుట్టుక ఇదే. కోణార్క్ ఆలయంలో ఎక్కువ భాగం ఖొండలైట్‌తో కట్టినదే. చూసినవాళ్ళుంటే, ఉప్పుగాలికి శిల్పాల ముక్కులూ వేళ్ళూ ఎలా అరిగిపోయాయో గుర్తు చేయండి.

ఇప్పుడు మూడు ప్రయోగాలు.

పటికబెల్లం ముక్కలు పొడి బాటిల్‌లో వేసి రెండు వందలసార్లు ఊపించండి. అడుగున పొడి చేరుతుంది. రుచి చూస్తే ఇంకా తియ్యగానే ఉంటుంది. రూపం మారింది, పదార్థం మారలేదు. ఇది భౌతిక శైథిల్యం.

కోడిగుడ్డు పెంకును వెనిగర్‌లో వేయండి. బుడగలు వస్తాయి, మర్నాటికి పెంకు మెత్తబడుతుంది. ఇక్కడ పదార్థమే మారిపోయింది కాబట్టి ఇది రసాయన శైథిల్యం. చాలా పుస్తకాల్లో సుద్దముక్కతో చేయమని ఉంటుంది. నేనూ అలాగే చేశాను. పావుగంట ఎదురుచూసినా ఒక్క బుడగ రాలేదు. బళ్ళో వాడే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, వాటికి వెనిగర్ పోసినా చలనం ఉండదు. గుడ్డు పెంకు కానీ, గవ్వ కానీ వాడండి. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని స్వల్పంగా ఆమ్లమవుతుంది. ఆ కొద్దిపాటి పులుపే వేల ఏళ్ళలో సున్నపురాయిని కరిగించి గుహలు తొలుస్తుంది. కొరాపుట్ జిల్లాలోని గుప్తేశ్వరం సున్నపురాతి గుహే. శివరాత్రికి అక్కడికి వెళ్ళొచ్చిన పిల్లలు ఏ తరగతిలోనైనా ఒకరిద్దరుంటారు.

మూడోది నాకు బాగా నచ్చినది. రెండు గ్లాసుల నీళ్ళు తీసుకోండి. ఒకదానిలో నిమ్మకాయంత బెల్లం గడ్డ, ఇంకోదానిలో అంతే బెల్లాన్ని దంచి వేయండి. ఏది ముందు కరుగుతుంది? ముక్కలైన కొద్దీ నీటికి తగిలే ఉపరితలం పెరుగుతుంది. అంటే పగుళ్ళు రసాయన శైథిల్యానికి దారి తెరుస్తాయి. పాత గోడలో మొలిచిన రావిమొక్కను చూపించి, వేరు పగులు తెరుస్తుంది, వాన అందులో దూరుతుంది అని కలపండి.

పుస్తకంలో రాతి పగులులో నీరు గడ్డకట్టి బండ చీలే బొమ్మ ఉంటుంది. దాన్ని మొదటి రోజు దాటేయండి. పర్లాకిమిడి పిల్లాడు ఏటిలో మంచు గడ్డకట్టడం ఎన్నడూ చూడలేదు. ఇక్కడ పనిచేసేది వేడి, తడి. ఇంకో హెచ్చరిక: "ఎండకు రాయి పగులుతుంది" అని చూపించడానికి రాళ్ళను, ముఖ్యంగా ఏటి రాళ్ళను, మంటలో వేడి చేయకండి. లోపల ఇరుక్కున్న నీరు ఆవిరై రాయి పేలుతుంది, ముక్కలు కళ్ళలోకి ఎగురుతాయి.

మూడో అడుగు: రాయి పుచ్చింది, మట్టి మాత్రం కదల్లేదు. అప్పుడు?

శైథిల్యానికీ క్రమక్షయానికీ తేడా తలకెక్కించే ప్రశ్న ఇదే. దీనికి ఒక పీరియడ్ పూర్తిగా ఇవ్వండి.

కొరాపుట్ జిల్లాలో దమన్‌జోడి దగ్గర పంచపట్మాలి అని ఒక కొండ ఉంది. పైభాగం బల్లపరుపు. అల్యూమినియం తయారుచేసే నాల్కో సంస్థ, దాని ముడి ఖనిజమైన బాక్సైట్ తవ్వుతున్నది అక్కడే. కింద ఉన్న రాయి మన ఖొండలైటే. వాలు లేకపోవడంతో వాన నీరు పరుగెత్తి మట్టిని లాక్కుపోలేదు, నిలిచి లోపలికి ఇంకింది. లక్షల ఏళ్ళు అలా ఇంకుతూ సోడియం, పొటాషియం, కాల్షియంలనూ చాలావరకు సిలికానూ కరిగించింది. కరగని అల్యూమినియం, ఇనుము ఉన్న ఎర్రటి పొర అక్కడే మిగిలింది. రాయి పుచ్చింది, పుచ్చినది జారిపోలేదు. మీ ఇంట్లో అల్యూమినియం గిన్నె అలాంటి పొర నుంచే వస్తుంది అని చెప్పండి.

తెలివైన పిల్ల ఒకతె లేచి "కరిగి పోయింది కదండీ, అది మోసుకుపోవడం కాదా?" అంటుంది. అంటే సంతోషించండి. కరిగిన పదార్థాన్నీ నీరు మోసుకుపోతుంది, నదులు సముద్రానికి చేర్చే సరుకులో కంటికి కనపడని ఆ భాగం కూడా ఉంటుంది. ప్రకృతిలో ఈ మూడు పనులకూ మధ్య గీతలుండవు, గీతలు గీసింది మన సౌలభ్యానికే అని ఒప్పుకుంటే మీ గౌరవం తగ్గదు.

నాలుగో అడుగు: కోత

మూడు బాటిళ్ళను పడుకోబెట్టి పైభాగం కోయండి. మూడింటిలోనూ ఒకే మట్టి, ఒకే ఎత్తుకు. ఒకటి వట్టి మట్టి. రెండోదాని మీద ఎండుటాకులు. మూడోది మూడు వారాల కిందట చోళ్ళు చల్లినది. మూతులు బల్ల అంచు దాటేలా పెట్టి, అడుగు వైపున రెండు పుస్తకాలు ఎత్తు పెట్టండి. మూతుల కింద గ్లాసులు ఉంచండి. చిల్లులు పొడిచిన మూతతో ఒక్కోదాని మీద అర లీటరు నీళ్ళు, జానెడు ఎత్తు నుంచి, ఒకే వేగంతో పోయాలి. ముందు పిల్లలను ఊహించి రాయమనండి, తర్వాతే పోయండి.

వట్టి మట్టి గ్లాసులో టీ రంగు నీరు వస్తుంది. ఆకులది కాస్త తేరిన నీరు, చోళ్ళది ఇంకా తేరినది. గ్లాసులను మర్నాటిదాకా కదపకుండా ఉంచి, అడుగున చేరిన మట్టి ఎత్తు మిల్లీమీటర్లలో కొలిపించండి. రంగు చూసి చెప్పడం వేరు, కొలిచి చెప్పడం వేరు. ఆ తర్వాత వట్టి మట్టి బాటిల్‌ను కొత్తగా నింపి, నాలుగు పుస్తకాల ఎత్తు పెట్టి మళ్ళీ పోయండి. వాలు పెరిగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడే కొండల మాట ఎత్తండి. గజపతి, రాయగడ జిల్లాల కొండల మీద సవరలు రాతి గట్లతో మెట్లు మెట్లుగా కట్టుకున్న వరి మడులు చాలామంది పిల్లలు బస్సు కిటికీలోంచి చూసినవే. నిట్రవాలును మెట్లుగా మారిస్తే నీటి పరుగు తెగుతుంది, మట్టి గట్టు దగ్గర ఆగుతుంది. నాలుగు పుస్తకాల బాటిల్‌లో ఐస్‌క్రీం పుల్లలు అడ్డంగా గుచ్చి మళ్ళీ నీళ్ళు పోయిస్తే ఆ ఉపాయం బల్ల మీదే కనిపిస్తుంది. పోడు వల్లే కొండలు పాడయ్యాయని ఏదో ఒక పిల్లాడు ఇంట్లో విన్నది అంటాడు. అదే తరగతిలో పోడు చేసే ఇంటి పిల్లలూ ఉంటారని గుర్తుపెట్టుకోండి. నేల ఎన్నేళ్ళు బీడుగా వదిలితే అడవి తిరిగి వస్తుంది, ఆ గడువు తగ్గితే ఏమవుతుంది అన్న వైపు మాట మళ్ళించండి.

ఐదో అడుగు: మేట

గాజు సీసాలో పదంగుళాలు కాదు, పది సెంటీమీటర్ల నీళ్ళు చాలు. రెండు గుప్పిళ్ళ పొలం మట్టి, నాలుగు గులకరాళ్ళు వేసి, గట్టిగా ఊపి బల్ల మీద పెట్టి గడియారం చూడమనండి. రాళ్ళు చేయి తీసేలోపే అడుగున పడతాయి. ఇసుక దాదాపు ఒక నిమిషంలో దిగిపోతుంది. మెత్తటి ఒండ్రు దిగడానికి గంటలు పడుతుంది. 0.002 మిల్లీమీటర్ల కంటే సన్నని బంకమన్ను రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు, అంతకంటే ఎక్కువే తీసుకుంటుంది. మర్నాడు ఉదయం వచ్చినా నీరు మసకగానే ఉంటుంది. వేగం తగ్గిన ఏరు బరువైనదాన్ని ముందు దించి, తేలికైనదాన్ని దూరం మోసుకుపోతుందన్న విషయం సీసా చూసి వాళ్ళే చెప్పాలి.

ఇప్పుడు ఇంకొంచెం లోతుకు. బురద నీళ్ళను రెండు సీసాల్లో సమంగా పోయండి. ఒకదానిలో అర లీటరుకు మూడు చిన్న చెంచాల ఉప్పు కలపండి. ఇది ఇంచుమించు సముద్రపు ఉప్పదనం. ఉప్పు సీసాలో మన్ను త్వరగా పేరుకుని దిగిపోతుంది. బంకమన్ను రేణువులు మామూలుగా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలతాయి. ఉప్పు ఆ నెట్టుడును తగ్గిస్తే గుంపులై బరువెక్కుతాయి. నది సముద్రంలో కలిసే చోట బురద పేరుకోవడానికి వేగం తగ్గడం ఒక కారణమైతే, ఉప్పు ఇంకో కారణం. బావి నీళ్ళలో పటిక తిప్పడం, చిల్లగింజ అరగదీసి కలపడం పెద్దవాళ్ళకు తెలిసినదే. ఇంటికి వెళ్ళి అమ్మమ్మను అడిగి రమ్మనండి. ఉప్పు ప్రయోగం కంటే ఆ కబుర్లే ఎక్కువ గుర్తుంటాయి, ఫర్వాలేదు.

మేట మంచిదా చెడ్డదా అని వాదన పెట్టండి. ఒండ్రు మేట వేస్తే ఆ ఏడు పైరు కళకళలాడుతుంది. అదే ఏరు ఇసుక మేట వేస్తే పొలం రెండు మూడేళ్ళు చేతికి రాకపోవచ్చు. తేడా రేణువు సైజుది, ఆ సైజును నిర్ణయించింది ఆ పూట నీటి వేగం.

ఆరో అడుగు: ఏటి ఒడ్డున ఒక పూట

ఎనిమిది మంది పిల్లలకు ఒక పెద్ద మనిషి. చీలమండ దాటిన నీళ్ళలోకి ఎవరూ దిగకూడదు. ముందురోజు కొండల మీద వాన పడిందని తెలిస్తే నడక వాయిదా వేయండి. ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ (కొండవాగు) పోటెత్తడం మన వైపు కొత్తేమీ కాదు.

వంపు ఉన్న చోటు ఎంచుకోండి. వంపు బయటి వైపు గట్టు నిట్టనిలువుగా కోసుకుపోయి ఉంటుంది, లోపలి వైపు ఇసుక తిన్నె ఉంటుంది. ఒడ్డున పది మీటర్లు కొలిచి రెండు కర్రలు పాతి, కమలాపండు వదిలి ఎన్ని సెకన్లకు దాటుతుందో లెక్కపెట్టండి. 20 సెకన్లయితే సెకనుకు అర మీటరు. బయటి వైపూ లోపలి వైపూ మూడేసి సార్లు చేయాలి. కోత ఎక్కడో, మేట ఎక్కడో, వేగం ఎక్కడో ఒకే బొమ్మలో పడతాయి.

తర్వాత కళ్ళు మూసుకుని ఇరవై రాళ్ళు ఏరమనండి. కళ్ళు తెరిచి ఏరితే అందమైనవే ఏరతారు. పొడవు కొలిచి సగటు తీయాలి. ఎవరైనా కొండ దిగువ గెడ్డ దగ్గర నుంచి కూడా ఇరవై రాళ్ళు తేగలిగితే పోల్చండి. పైన పెద్దవి, కోణాలున్నవి, కింద చిన్నవి, నునుపైనవి. బళ్ళోకి వచ్చాక ఇటుక ముక్కల్ని తూచి, సగం నీళ్ళున్న బాటిల్‌లో వేసి తరగతంతా వంతులవారీగా ఐదు వందలసార్లు ఊపి, మళ్ళీ తూచితే ఆ నునుపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

చివరిగా ఒక పళ్ళెంలో ఇసుక, నీళ్ళు పోసి బియ్యం గాలించినట్టు గాలించమనండి. ఈ పని ఆడపిల్లలకే వస్తుందని మగపిల్లలు తప్పుకుంటే ముందు వాళ్ళ చేతికే ఇవ్వండి. తేలికైన క్వార్ట్జ్ అంచు దాటి పోతుంది, నలుపూ ఎరుపూ అడుగున మిగులుతాయి. నీటి కంటే క్వార్ట్జ్ దాదాపు 2.65 రెట్లు బరువైతే, గార్నెట్ 4 రెట్ల దాకా ఉంటుంది.

ఏడో అడుగు: సముద్రం దగ్గర

మహేంద్రతనయ వంశధారలో కలుస్తుంది, వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన రేణువు అక్కడితో ఆగదు. ఈ తీరాన అలలు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. అల ఇసుకను ఏటవాలుగా పైకి నెడుతుంది, వెనక్కి పోయే నీరు నేరుగా కిందికి లాగుతుంది. రంపంపళ్ళ లాంటి ఈ నడకతో ఇసుక మొత్తం మీద ఉత్తరంగా జరుగుతుంది. ట్రేలో తడి ఇసుక ఒడ్డు కట్టి, అట్టముక్కతో ఒక మూల నుంచి చిన్న అలలు పుట్టిస్తే రంగు ఇసుక ప్రయాణం కనిపిస్తుంది. మధ్యలో అడ్డంగా రాళ్ళు పేర్చండి. అలలు వచ్చే వైపు ఇసుక పేరుకుని, అవతలి వైపు ఒడ్డు తరుగుతుంది.

గోపాలపూర్ వెళ్ళే వీలుంటే ఒడ్డున నల్లటి, ఎర్రటి చారలు చూపించండి. పళ్ళెంలో మనం చేసిన గాలింపునే అలలు రాత్రింబవళ్ళు చేస్తుంటాయి. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థ ఈ ఇసుక నుంచే ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్, జిర్కాన్ లాంటివి వేరు చేస్తుంది. అక్కడి ఎర్ర రేణువు సరిగ్గా మన ఏటిదే అని చెప్పకండి. తూర్పు కనుమల్లో అలాంటి రాళ్ళ నుంచి ఎన్నో ఏళ్ళ కిందట ఊడి వచ్చినదని చెప్పండి, అంతే.

వెళ్ళలేకపోతే ఫోన్‌లో గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ తెరవండి. 1984 నుంచి ఉపగ్రహ చిత్రాలున్నాయి. గంజాం దగ్గర ఋషికుల్య ముఖద్వారం ఇసుక నాలుకలతో మూసుకుంటూ, పక్కకు జరుగుతూ ఉండటం స్పష్టంగా తెలుస్తుంది. అక్కడి ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. చిలికా సరస్సును సముద్రం నుంచి వేరు చేసిందీ ఇసుక కట్టే. నదుల మేట, తీరపు ఇసుక కలిసి ద్వారాన్ని పూడ్చేయడంతో ఉప్పదనం తగ్గి చేపలు తగ్గాయి. 2000 సెప్టెంబరులో కొత్త ద్వారం తవ్వాక సరస్సు కోలుకుంది. ఋషికుల్య ముఖద్వారం పక్కనే పోడంపేట ఉంది. తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊరు. సముద్రం కోసుకుంటూ వచ్చి ఇళ్ళను మింగితే జనం లోపలికి తరలిపోవాల్సి వచ్చింది. బరంపురం వైపు తరగతుల్లో ఆ ఊరి చుట్టాలున్న పిల్లలుంటారు. వాళ్ళకు ఇది పాఠం కాదు, ఇంటి సంగతి. ముందుగా వాళ్ళతో విడిగా మాట్లాడి, చెప్పాలనుకుంటేనే చెప్పనివ్వండి.

తిత్లీ తుపాను విషయంలోనూ ఇదే జాగ్రత్త. 2018 అక్టోబరు 11న తుపాను పలాస దగ్గర తీరం దాటాక గజపతి కొండల మీద కురిసిన వానకు బరఘరా గ్రామంలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఎందుకు జారింది అన్నది రెండో అడుగులోనే ఉంది: పుచ్చిన రాయి మందపాటి మట్టి పొరగా వాలు మీద నిలిచి ఉంటుంది. వాన దాన్ని నానబెట్టి బరువెక్కిస్తుంది, మట్టి సందుల్లో నిండిన నీరు పట్టు సడలిస్తుంది. బల్ల మీద తడి ఇసుక కుప్పతో దీన్ని ఆటలా చూపించకండి. బోర్డు మీద గీసి చెప్పండి, చాలు.

ఎనిమిదో అడుగు: వచ్చిందా లేదా చూడటం

నిర్వచనాలు అడగొద్దు. చీటీల మీద సంఘటనలు రాసి ఇవ్వండి. గుడి గోడను రావివేరు చీల్చింది. వైశాఖంలో సుడిగాలి మైదానం దుమ్ము లేపింది. వరద తగ్గాక అరుగు మీద బురద మిగిలింది. బావి తవ్వుతుంటే పార దిగేంత మెత్తటి రాయి తగిలింది. కొండ మీది బండ దొర్లి రోడ్డు మీద పడింది. ఒక్కోటీ కోతా, మేటా, పుచ్చడమా చెప్పి, ఎందుకో ఒక వాక్యం రాయాలి. చివరి చీటీకి ఒకే జవాబు లేదు. అక్కడ మార్కు కారణానికే.

తర్వాత మొదటి రోజు గోడకు అంటించిన ఊహల కాగితం దించి, ఎవరిది వాళ్ళు ఎర్ర ఇంకుతో దిద్దుకోమనండి. కొండ నుంచి తీరం దాకా రేణువు ప్రయాణం బొమ్మ గీసి, ఏ ఊరి దగ్గర ఏం జరిగిందో రాయాలి. ఆనకట్ట ఎక్కడైనా ఉంటే అక్కడ ఇసుక ఏమవుతుంది, ఏటిలోంచి లారీల్లో ఇసుక పోతే కింద తీరానికి ఏం తగ్గుతుంది అన్న ప్రశ్నలు ఎనిమిదో తరగతికి ఉంచుకోండి. ఆరో తరగతికి బరువు.

ఒక పని మిగిలింది, ఏటి ఒడ్డుకు వెళ్ళిన రోజే చేయాలి. వంపు బయటి వైపు గట్టులో మూరెడు పొడవున్న ఇనుప చువ్వలు నాలుగు అడ్డంగా దిగ్గొట్టి, ఐదు సెంటీమీటర్లు మాత్రం బయటకు ఉంచండి. చివరలకు ఎర్ర రంగు పూసి, గట్టు మీద గుర్తు రాయి పెట్టి, తేదీ, చోటు నోట్‌బుక్‌లో రాయండి. పశువులు దిగే దారి, పిల్లలు దూకే చోటు కాకుండా చూసుకోండి. వచ్చే కార్తీకానికి చువ్వ ఎంత బయటపడిందో కొలిస్తే, ఆ వానాకాలం ఏరు ఎంత కోసిందో సెంటీమీటర్లలో తెలుస్తుంది. ఏడో తరగతి వాళ్ళు కొడితే ఎనిమిదిలోకి వెళ్ళాక వాళ్ళే వచ్చి కొలవాలి. నోట్‌బుక్ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి. పిల్లలకిస్తే వేసవి సెలవుల్లో పాత పుస్తకాలతో పాటు తూకానికి వెళ్ళిపోతుంది. మొదటి ఏడాది మాది అలాగే పోయింది. చువ్వలు ఉన్నాయి, ఎంత బయటకు ఉంచామో ఎవరికీ గుర్తులేదు.